ఏడు వేళ్ళ నత్రజని

సిద్దిపేట ఎందుకు వెళ్తున్నావని మా బాపట్లలో చాలామంది అడిగారు. చుట్టాలున్నారా అన్నారు. పెళ్ళి సంబంధమా అన్నారు. అక్కడి పశువుల ఆసుపత్రిలో పని ఉందని చెబితే, మీకు గేదెలు లేవు కదా అన్నారు. ఇంతమంది ఇన్ని అడిగారు కానీ, వెళ్ళొచ్చాక ఏం జరిగిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకని అడగకపోయినా రాస్తున్నాను.

నల్ల బిళ్ళ

ముందు కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే ఒక అవమానం గురించి చెప్పాలి.

కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే వాటిలో కరెంటుకు అడ్డనేది పూర్తిగా పోతుంది. అలాంటి పదార్థం మీద చిన్న అయస్కాంతం పెడితే అది కింద ఆనదు, గాలిలో నిలబడుతుంది. ఇది చాలా కాలంగా తెలిసిన సంగతే. కాకపోతే అంత చల్లదనానికి ద్రవ హీలియం కావాలి. అది మావంటి జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్లకు పాఠంలో పేరు చెప్పడానికి తప్ప దొరకదు. అలాంటిది 1987లో విదేశాల్లో కొత్త పదార్థం ఒకటి బయటపడింది. ఇట్రియం, బేరియం, రాగి కలిపి కాల్చిన నల్లటి పింగాణీ. దీనికి ద్రవ నత్రజని చల్లదనం చాలు. సున్నాకు దిగువన నూట తొంభై ఆరు డిగ్రీలు. ద్రవ నత్రజని పాలకంటే చవక అని పత్రికల్లో రాశారు. రాసినవాళ్ళు అది బాపట్లలో ఎక్కడ దొరుకుతుందో రాయలేదు.

ఆ పదార్థాన్ని ఎవరైనా చేసుకోవచ్చని కూడా రాశారు. ఆ మాట నిజమే. పొడులు బొంబాయి నుంచి తెప్పించి, కల్వంలో నూరి, మా వీధిలో కట్టుడు పళ్ళు చేసే ఆయన దగ్గరున్న చిన్న కరెంటు కొలిమిలో కాల్చాను. మొదటిసారి ఆకుపచ్చగా వచ్చింది, అంటే పాడైనట్టు. రెండోసారీ పచ్చగానే వచ్చింది. నాలుగోసారికి నల్లగా, రూపాయి బిళ్ళంత వచ్చింది.

దాన్ని పట్టుకుని విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పేరు రాయను, ఆయనకు తెలుసు. గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనలేదు. కాఫీ వచ్చింది, ఒకటే కప్పు. బిళ్ళను వేలితో తిప్పి చూసి, "బొగ్గు బాగా ఒత్తారండీ" అన్నారు. అర లీటరు నత్రజని అడిగితే, అది పరిశోధనకని చెప్పారు. నేను తలుపు దగ్గరికి వెళ్ళాక, గాలిలో నిలబెట్టిన ఫొటో ఒకటి పంపితే జనవరి సెమినార్లో పది నిమిషాలు ఇస్తానన్నారు. నన్ను వదిలించుకోవడానికి అన్నారు. నేను దాన్ని మాట ఇచ్చినట్టుగానే తీసుకున్నాను.

ద్రవ నత్రజని ఉండే మరో చోటు పశువుల ఆసుపత్రి. మేలుజాతి దున్నల వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి అందులోనే ముంచి ఉంచుతారు. ఎదకొచ్చిన గేదెకు ఒక గొట్టం తీసి వాడతారు. మా ఊరి పశువుల డాక్టరు, నేను అడగడం పూర్తికాకముందే డబ్బా మూత పెట్టేశాడు. అప్పుడు యూసుఫ్ గుర్తొచ్చాడు. ఆరేళ్ళ కిందట అదే ఆసుపత్రిలో అసిస్టెంటుగా పనిచేస్తూ మా ఇంటి వెనక వాటాలో ఉండేవాడు. తరవాత సొంత ఊరు సిద్దిపేటకు బదిలీ చేయించుకున్నాడు. ఉత్తరం రాస్తే కార్డు వచ్చింది. "నైట్రోజన్ ఉన్నది. రాండ్రి." అంతే. నా జీవితంలో నేను అడిగినదానికి ఇంత చిన్న జవాబు రావడం అదే మొదలు.

ప్రజ్ఞాపూర్ దాకా

ఈ బిళ్ళకు శత్రువు తేమ. మాది సముద్రపు గాలి. అందుకని బిళ్ళను పలచటి గుడ్డసంచిలో మూటకట్టి, ఒక డబ్బా నిండా పొడి బియ్యం పోసి, మధ్యలో దాన్ని దాచాను. ఉప్పు జాడీలో బియ్యం గింజలు వేసే పద్ధతే ఇది. అయస్కాంతం కోసం మా తమ్ముడి వాక్‌మన్ ఇయర్‌ఫోను పగలగొట్టాను. వాడు ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడానికి వాడికున్న కారణాల్లో ఇది చిన్నది.

డిసెంబరు నెల. రైల్లో సికింద్రాబాదు, అక్కడినుంచి బస్సు. కండక్టరు డబ్బా చూసి, బియ్యానికి లగేజీ కొట్టాలన్నాడు. ఇవి తినే బియ్యం కావన్నాను. తినని బియ్యానికైతే ఇంకా కొట్టాలన్నాడు. డెబ్భై అయిదు పైసలు. రసీదు ఉంది.

ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగింది. మా వైపు కాఫీ అడిగితే కాఫీ ఇస్తారు. ఇక్కడ కాఫీ అడిగితే చాయ్ ఇచ్చారు, కాఫీ లేదని చెప్పకుండానే. చాయ్ బాగుంది. ఆ మాట హోటలు అతనికి చెప్పలేదు. పక్క సీటాయన జొన్నరొట్టె చుట్టచుట్టి అందులో ఎర్రకారం పెట్టుకుని తింటూ నాకూ ఒకటిచ్చాడు. మేం అన్నం తినకపోతే భోజనం చేయలేదంటాం. ఆయన రెండు రొట్టెలు తిని, పొద్దుటి భోజనం అయిపోయిందన్నాడు. ఆ కారం నాకు సిద్దిపేట వచ్చేదాకా గుర్తుంది. షామీర్‌పేట దాటినప్పటినుంచీ గాలి మారింది. పెదవులు పగిలాయి. పొడి గాలి. బిళ్ళకు మంచిదని సంతోషించాను.

అమ్మీ చేసిన అన్నం

యూసుఫ్ బస్టాండుకు రాలేదు. దవాఖానలో కేసు వచ్చిందని తరవాత చెప్పాడు. నేను అడిగి అడిగి ఇల్లు వెతుక్కున్నాను. యూసుఫ్ తల్లిని అందరూ అమ్మీ అంటారు. ఆవిడ తలుపు తీసి నన్ను చూసింది, తరవాత డబ్బాను చూసింది. రెండో దాన్ని చూసినప్పుడు ముఖం ఎక్కువ వెలిగింది. డబ్బా అందుకుని, మొహం కడుక్కోమని తువాలు ఇచ్చింది. ప్రయాణం బడలికలో మంచం మీద నడుం వాల్చాను. అది పొరపాటు.

లేచేసరికి వంటింట్లోంచి మసాలా వాసన. దండెం మీద రెండు చేతిరుమాళ్ళ మధ్య నా గుడ్డసంచి నీళ్ళోడుతూ వేలాడుతోంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంటికొచ్చిన మెహమాన్ తెచ్చింది ఆ పూటే వండి, మెహమాన్‌తో కలిసి తినాలి. దాచుకుంటే తప్పు. అమ్మీ నా బియ్యాన్ని రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టింది. కడుగుతుంటే చేతికి సంచి తగిలింది. బియ్యానికి పురుగు పట్టకుండా మా వైపు ఏదో మందుబిళ్ళ పెడతారేమో అనుకుని, అది ఎక్కడ పాడవుతుందోనని దాన్నీ శుభ్రంగా కడిగి ఆరేసింది.

నీళ్ళు తగిలితే ఆ పదార్థం మెల్లగా విరిగిపోతుంది. నేను సంచి విప్పి చూశాను. నల్లటి బిళ్ళ మీద బూడిద రంగు పొర వచ్చింది. అప్పుడే యూసుఫ్ ఇంటికొచ్చి నా ముఖం చూశాడు. సంగతి తెలిసి తల్లి వైపు తిరిగాడు. ఆవిడ కొడుకుని పట్టించుకోకుండా నాతోనే అంది.

"బియ్యం డబ్బాల బిళ్ళ బెట్టి చెప్పకుంటె నాకెట్ల తెలుస్తది బేటా? గింత దూరం నుంచి మాకోసం బియ్యం మోసుకొచ్చిన్రని ఖుష్ అయిన."

ఆ బియ్యం వాళ్ళకోసం తెచ్చినవి కావు. ఆ మాట నోటిదాకా వచ్చింది. బగారన్నం, దాల్చా వడ్డించి ఆవిడ నేను మొదటి ముద్ద తినేదాకా ఎదురుగా కూర్చుంది. మీకోసమే తెచ్చానని చెప్పాను. అన్నం పొడిపొడిగా చాలా బాగా వచ్చింది. ఎలా రాదు, నెల్లాళ్ళు ఎండబెట్టిన బియ్యం.

తిన్నాక బ్లేడుతో బిళ్ళ మీది పొరను గీకేశాను. లోపల ఇంకా నల్లగానే ఉంది. కానీ అంచున సన్నటి పగులు కనిపించింది. ఇది ఒకసారి పనిచేస్తే గొప్ప, రెండోసారికి ఉంటుందో లేదో, ఊరికి తీసుకెళ్ళే ఆశ అసలు లేదు. ఏం చేసినా రేపే చేయాలి, ఫొటో రేపే తీయాలి. మళ్ళీ బొంబాయి పొడులు కొనే స్థితిలో లేను.

పుల్ల మీద తెల్లగీత

మర్నాడు శుక్రవారం. బజారులో స్టూడియో నడిపే సత్తయ్యను నాలుగు గంటలకు దవాఖానకు రమ్మని మాట్లాడుకున్నాను. ఏం ఫొటో అన్నాడు. గాలిలో నిలబడ్డ అయస్కాంతం అన్నాను. పెండ్లిళ్ళు, పాస్‌పోర్టు సైజులు తప్ప తీయలేదని, అయినా వస్తానని చెప్పాడు.

దవాఖాన ఆవరణలో ఒక గేదెను పట్టుకుని ముసలావిడ కూర్చుని ఉంది. పేరు రాజవ్వ. చింతమడక నుంచి తెల్లవారుజామునే నడిపించుకుంటూ వచ్చిందట. యూసుఫ్ గేదెను పరీక్షించి, ఎద ఇప్పుడే మొదలైంది, రేపు పొద్దున వేస్తే సూడి నిలుస్తుందని చెప్పాడు. రాజవ్వ రాత్రికి అక్కడే షెడ్డులో ఉంటానంది. అంతవరకు బాగానే ఉంది. ఆ తరవాత, పుల్ల చూపించమంది.

పుల్ల అంటే కొలత కర్ర. నత్రజని డబ్బాలో చూపు పెట్టి లోతు చూడలేం. లోపల పొగలాంటి ఆవిరి తప్ప ఏమీ కనబడదు. నల్లరంగు వేసిన చెక్క పుల్లను అడుగుదాకా ముంచి, పది లెక్కపెట్టి, బయటికి తీసి గాలిలో ఆడిస్తారు. నత్రజని తగిలినంతమేరా తెల్లగా మంచు పడుతుంది. ఆ తెలుపును వేళ్ళతో కొలుస్తారు. మూడు వేళ్ళకు తగ్గితే గొట్టాల పైభాగం బయటపడి లోపలి విత్తనం చచ్చిపోతుంది. చచ్చినా బయటికి తేడా ఏమీ తెలియదు.

ఈ విద్య రాజవ్వకు ఎలా వచ్చిందంటే, కిందటేడు వేరే ఊళ్ళో ఒకతను నత్రజని ఎండిపోయిన డబ్బాలోంచి తీసి వేశాడట. గేదె కట్టలేదు. మళ్ళీ తీసుకెళితే, ఈసారి పడ్డది చూడు అని మళ్ళీ అదే వేశాడట. అప్పటినుంచి ఏ దవాఖానకు వెళ్ళినా పుల్ల చూడనిదే గేదెను పట్టనివ్వదు.

"యేడాది పాలు పోయినయ్ సారు," అని నాకు చెప్పింది. "వాడు నన్ను గూసోమని గూడ అన్లే. నిలవడి ఇన్న. వాని మొకం నాకు యాదికున్నది."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఎండ పడని చోటు అదొక్కటే అని కాదు.

యూసుఫ్ పుల్ల ముంచి తీసి ఆడించాడు. రాజవ్వ తన వేళ్ళు ఒకదానిమీద ఒకటి ఆనించి కొలిచింది. ఏడు. రోజుకు అర వేలు ఆవిరవుతుంది. వారానికోసారి వచ్చే నత్రజని వ్యాను ఆ సాయంత్రమే రావాలి. కాబట్టి నాకు రెండు వేళ్ళు ఇస్తే ఎవరికీ నష్టం లేదు. సాయంత్రం గొట్టాలు లెక్కచూడటానికి ఎలాగూ మూత తీస్తానని, మళ్ళీ మళ్ళీ తీస్తే ఊరికే ఆవిరైపోతుందని, అప్పుడే పోస్తానని యూసుఫ్ చెప్పాడు.

మధ్యాహ్నం హోటల్లో మిర్చిబజ్జీ తిన్నాను. రూపాయికి నాలుగు. మా వైపు మిరపకాయలో గింజలు తీసేసి వేస్తారు. ఇక్కడ గింజలను గౌరవిస్తారు.

బియ్యపు గింజంత ఎత్తు

నాలుగైంది. సత్తయ్య రాలేదు. గేటు దగ్గర సైకిలు గంట వినిపించి, వచ్చాడని చెప్పాను. యూసుఫ్ మూత తీశాడు. వచ్చింది పాలవాడు. తీసిన మూత తీసినట్టే ఉంది, ఆవిరి పోతోంది. పోయమన్నాను. ఈ తప్పు నాదే. ఇది రాయాల్సి రావడం నాకు ఇష్టం లేదు.

టీకా మందులు వచ్చే థర్మోకోల్ పెట్టె మూతలో బిళ్ళను పెట్టాను. యూసుఫ్ నత్రజని వంచాడు. పెనం మీద నీళ్ళు చల్లినట్టు గోల చేసి, తెల్లటి పొగ కక్కి, కాసేపటికి నెమ్మదించింది. చెక్క పుల్లలతో అయస్కాంతాన్ని పట్టుకుని బిళ్ళ మీద వదిలాను.

నిలబడింది.

బియ్యపు గింజంత ఎత్తున. కింద ఏమీ లేదు. నేను దాని కింద నుంచి కాగితం ముక్క దూర్చి తీశాను. ఊపిరి బిగబట్టాను అని రాస్తారు ఇలాంటి చోట. నేను బిగబట్టలేదు, ఊపిరి వదిలితే తేమ తగులుతుందని ముఖం పక్కకు తిప్పుకున్నాను. అందువల్ల మొదటి కొన్ని క్షణాలు నాకంటే రాజవ్వే బాగా చూసింది. ఆవిడ వంగి, అగ్గిపుల్లతో అయస్కాంతాన్ని అంచున ముట్టింది. అది గిరగిరా తిరిగింది. ఆగదే. ఆపేది ఏదీ తగలడం లేదు కదా.

"గాలి మీద గూసున్నది," అంది రాజవ్వ. తరవాత నా వైపు చూసి, "గా పెద్దసారు దీన్నేనా బొగ్గన్నది?" అంది. పొద్దున ఆవిడకు అంతా చెప్పానని రాయడం మరిచాను.

రెండు నిమిషాలు తిరిగింది. నత్రజని అయిపోగానే అయస్కాంతం మెల్లగా బిళ్ళ మీదికి దిగి, మామూలు అయస్కాంతమైపోయింది. అప్పుడు సత్తయ్య వచ్చాడు. ఎవరికో పాస్‌పోర్టు ఫొటో అర్జంటయిందట. కెమెరా మెడలో వేసుకుని, మూతలోని బిళ్ళను చూసి, ఏది గాలిలో నిలబడ్డదని అడిగాడు.

రెండో పోత

ఇంకోసారి చేయండి, తీస్తానన్నాడు సత్తయ్య. బిళ్ళ పగులు కాస్త పెరిగింది, అయినా ఇంకొక్కసారికి పనికొచ్చేలా ఉంది. అదే సమయానికి దవాఖాన అటెండరు ఫోనులో వచ్చిన కబురు చెప్పి వెళ్ళాడు. నత్రజని వ్యాను దారిలో యాక్సిల్ విరిగి ఆగిపోయింది. సోమవారం గానీ రాదు.

యూసుఫ్ పుల్ల ముంచి తీసి ఆడించాడు. రాజవ్వ వేళ్ళు ఆనించింది. అయిదు. ఎవరూ ముట్టకుండా ఉంటే సోమవారానికి మూడున్నర, గొట్టాలు బతుకుతాయి. నాకు మళ్ళీ రెండు పోస్తే ఇప్పుడే మూడు, తెల్లారేసరికి రెండున్నర. పొద్దున రాజవ్వ గేదెకు వేసేది చచ్చిన విత్తనం.

ఈ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు. అక్కడున్న నలుగురిలో సత్తయ్యకు తప్ప అందరికీ తెలుసు.

"మాష్టారూ, మీరు మెహమాన్," అన్నాడు యూసుఫ్. "పొయ్యమంటె పోస్త. ఒద్దంటె మూత పెడ్త. నన్నడగకుండ్రి."

రాజవ్వ నన్ను బతిమాలలేదు. గేదె పలుపు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని, పుల్ల మీద కరిగిపోతున్న తెల్లగీతను చూస్తూ నిలబడింది. నేను ఖాళీ కుర్చీలున్న ఆ గదిలో నిలబడ్డప్పుడు సరిగ్గా అలాగే కాఫీ కప్పును చూస్తూ ఉన్నాను. బతిమాలి ఉంటే నాకు తేలికయ్యేది. బతిమాలేవాళ్ళకు కాదని చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు.

జనవరి సెమినారు, పది నిమిషాలు, ఆయన ముఖం, అన్నీ గుర్తుకొచ్చాయి. వాటిని మరిచిపోయే అలవాటు నాకు లేదు.

మూత పెట్టమన్నాను.

యూసుఫ్ పెట్టేశాడు. సత్తయ్య మాత్రం, ఇంత దూరం వచ్చాను, ఒక్క ఫొటో అయినా తీయకుండా ఎట్లా పోతానన్నాడు. రాజవ్వ వెంటనే గేదెను ఎండలోకి తిప్పి, దాని మెడ కింద నిలబడి, చేతిలో కొలత పుల్ల పట్టుకుంది. నన్ను రెండో వైపు నిలబడమంది. నేను బిళ్ళను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

"సారు, జర నవ్వుండ్రి," అన్నాడు సత్తయ్య. నవ్వలేదు.

తిరిగొచ్చాక

బాపట్ల చేరేసరికి బిళ్ళ రెండు ముక్కలైంది. నెల తిరిగేలోగా బూడిదరంగు పొడి అయింది. సీసాలో పోసి ఉంచాను. వచ్చేటప్పుడు అమ్మీ ఖాళీ డబ్బా ఇవ్వకూడదని దాన్నిండా జొన్నపిండి పోసి ఇచ్చింది. కండక్టరు దానికీ లగేజీ కొట్టాడు.

సత్తయ్య ఫొటో పోస్టులో పంపాడు. గేదె కళ్ళు స్పష్టంగా వచ్చాయి. రాజవ్వ చేతిలో పుల్ల ఉంది. నా చేతిలో ఏదో నల్లటి చుక్క ఉంది. నా ప్రయోగానికి ఉన్న ఏకైక ఫొటో అదే కాబట్టి, జరిగినదంతా నాలుగు పేజీలు రాసి, దాన్ని జతచేసి ప్రొఫెసర్ గారికి పంపాను. కార్డు వచ్చింది. "ఫొటో అందినది. ఇందులో గాలిలో నిలబడినది ఏది?" అని రాశారు. సెమినారు నేను లేకుండానే జరిగింది. కార్డు దాచాను.

ఆ తరవాత ఏడాది కావస్తుండగా యూసుఫ్ నుంచి ఉత్తరం వచ్చింది. రాజవ్వ గేదె ఈనింది. ఆడదూడ. మొదటి జున్ను అమ్మీకి తెచ్చి ఇచ్చిందట. ఆ మెహమాన్‌కు పంపే వీలు లేదా అని అడిగిందట. ఫొటో సంగతి, కార్డు సంగతి నేనే యూసుఫ్‌కు రాసి ఉన్నాను. వాడు ఆవిడకు చదివి వినిపించాడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఉత్తరంలో రాశాడు:

"గా పెద్దసారుకు ఫొటో ఎందుకు? నేను సూసిన గద. నేనొచ్చి చెప్త. బస్సు కిరాయి ఆయనియ్యాలె. పోతె నన్ను గూసోమనాలె."

ఈ మాటల్ని అక్షరం మార్చకుండా ప్రొఫెసర్ గారికి రిజిస్టర్డు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం వచ్చింది. జవాబు రాలేదు. యూసుఫ్ ఏ ఉత్తరం రాసినా చివర ఒక వాక్యం ఉంటుంది. రాజవ్వ అడుగుతోంది, ఎప్పుడు బయలుదేరాలని.